తీగలో కరెంటు ఉందా? లోపం ఎక్కడ?
లైన్ల మీద జాడ పట్టే పరికరాల చరిత్ర

మన వీధి స్తంభం మీది తీగను కింద నుంచి చూసి అందులో కరెంటు ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఉన్న తీగకూ లేని తీగకూ రంగులో తేడా ఉండదు. కాకి రెండింటి మీదా ఒకేలా వాలుతుంది. నిప్పు దగ్గరికి వెళితే సెగ తగులుతుంది. గ్యాసు కారితే వాసన వస్తుంది. కరెంటు మాత్రం ముట్టుకున్నాకే తానున్నానని చెబుతుంది. అప్పటికి చెప్పించుకునే మనిషి మిగలకపోవచ్చు.

అందుకే విద్యుత్తు పుట్టిన నాటి నుంచి దానితో పనిచేసేవాళ్ళను రెండు ప్రశ్నలు వెంటాడుతున్నాయి. మొదటిది: ఈ తీగలో ఇప్పుడు కరెంటు ఉందా? రెండోది: లైను చెడిపోయింది సరే, చెడిన చోటు ఎక్కడ? మొదటి ప్రశ్న ప్రాణానికి సంబంధించినది. రెండోది కాలానికి, ఖర్చుకు సంబంధించినది. చీకట్లో కూర్చున్న ఊరికి మాత్రం అదీ ప్రాణంతో సమానమే. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి నాలుగు వందల ఏళ్ళలో మనుషులు కనిపెట్టిన పరికరాల కథ ఇది. స్వర్ణోత్సవ సంచికలో ఇది ఎందుకంటే, ఈ కథలోని సగం పాత్రలను మనమంతా బడి సైన్సు గదిలోనే చూశాం. అవి పరీక్షలో మార్కుల కోసం పుట్టలేదనీ, ఒక్కొక్కదాని వెనకా ఒక అవసరం ఉందనీ అప్పట్లో మనలో చాలామందికి తెలియదు.

బంగారు రేకులు

1600లో ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ అయస్కాంతాల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులో ఒక చిన్న సాధనాన్ని వర్ణించాడు. మొన మీద తేలికగా తిరిగే లోహపు సూది అది. రుద్దిన అంబరు ముక్కను దగ్గరికి తెస్తే సూది అటు తిరుగుతుంది. విద్యుదావేశం జాడను చూపిన తొలి పరికరంగా దీన్నే చెబుతారు.

1787లో అబ్రహాం బెనెట్ అనే ఇంగ్లండు మతాచార్యుడు బంగారు రేకుల విద్యుద్దర్శినిని వివరించాడు. గాజు కూజాలో వేలాడే రెండు పలుచని రేకులు, పైన లోహపు మూత. ఆవేశమున్న కడ్డీని దగ్గరికి తెస్తే చాలు, రేకులు విడిపోతాయి. స్వర్ణపత్ర విద్యుద్దర్శిని బొమ్మను భౌతికశాస్త్రం నోటుపుస్తకంలో మనలో ఎంతమంది గీయలేదు!

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కడ్డీ మూతను తాకనక్కర లేదు, దగ్గరికి వస్తే సరిపోతుంది. తాకకుండానే తెలుసుకోవచ్చన్న ఈ సూత్రమే, ఈ రోజు లైన్‌మన్ పొడవాటి ఇన్సులేటెడ్ కర్ర చివర బిగించి 11 కేవీ తీగ దగ్గరికి చేర్చే వోల్టేజీ డిటెక్టరులోనూ ఉంది. రేకులు విడిపోవడానికి బదులు దీపం వెలుగుతుంది, బీప్ శబ్దం వస్తుంది. తీగ చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రమే రెండింటికీ కబురు అందిస్తుంది.

సముద్రం అడుగున దాగిన లోపం

రెండో ప్రశ్నను మొదట ఎదుర్కొన్నది కరెంటువాళ్ళు కాదు, టెలిగ్రాఫువాళ్ళు. 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్, తీగలో విద్యుత్తు ప్రవహిస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించాడు. ఆ కదలికను పెద్దది చేసే ప్రయత్నంలో గాల్వనామీటర్ పుట్టింది. దానితో టెలిగ్రాఫు వచ్చింది, టెలిగ్రాఫుతో పాటే తీగలు చెడిపోవడమూ వచ్చింది.

1858 ఆగస్టులో అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఐర్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్ దాకా మొదటి కేబుల్ వేయడం పూర్తయింది. విక్టోరియా రాణి సందేశం ఆ తీగ మీదుగా అమెరికా చేరింది, నగరాల్లో సంబరాలు జరిగాయి. అయితే సంకేతాలు చాలా బలహీనంగా అందేవి. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ వృత్తిరీత్యా వైద్యుడు. సంకేతం బలహీనంగా ఉంది కాబట్టి గట్టిగా తోయాలన్నది ఆయన ఆలోచన. పెద్ద ఇండక్షన్ కాయిల్స్‌తో సుమారు 2,000 వోల్టులు ఎక్కించాడు. అప్పటికే లోపాలున్న ఇన్సులేషన్ మరింత దెబ్బతింది. సంబరాలు జరిగిన కొద్ది వారాలకే కేబుల్ పూర్తిగా మూగబోయింది.

అదే బృందంలో ఉన్న విలియం థామ్సన్, తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, మరో దారి చెప్పాడు. బలహీనమైన సంకేతాన్ని గట్టిగా తోయక్కర లేదు, సున్నితంగా వినాలి. ఆయన తయారుచేసిన అద్దపు గాల్వనామీటర్‌లో సన్నని దారానికి చిన్న అద్దం వేలాడుతుంది. అద్దం వెనక అయస్కాంతపు ముక్కలు అంటించి ఉంటాయి. అద్దం మీద పడిన దీపపు వెలుగు దూరంగా ఉన్న స్కేలు మీద చుక్కలా ప్రతిఫలిస్తుంది. అద్దం వెంట్రుకవాసి తిరిగినా చుక్క స్కేలు మీద కంటికి కనిపించేంత జరుగుతుంది. 1866లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ సాయంతో వేసిన కేబుల్ నిలిచింది. అంతకు ముందు ఏడాది మధ్యలో తెగి సముద్రంలో మునిగిన కేబుల్‌ను కూడా మూడు కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి పైకి లాగి అతికి పూర్తి చేశారు.

జబ్బేమిటో తెలియకుండా మోతాదు పెంచితే రోగి పోతాడన్న పాఠం ఇంజనీర్లకు ఆ కేబుల్ నేర్పింది. ఫ్యూజు పోయిందని, ఎందుకు పోయిందో చూడకుండా ఇంకాస్త లావు తీగ చుట్టేసేవాళ్ళు ఈ రోజుకీ అదే తప్పు చేస్తున్నారు.

వంతెనతో దూరం కొలవడం

మన ఇంటర్మీడియట్ ప్రయోగాల్లో వచ్చే వీట్‌స్టన్ బ్రిడ్జిని నిజానికి 1833లో శామ్యూల్ హంటర్ క్రిస్టీ ప్రతిపాదించాడు. 1843లో చార్లెస్ వీట్‌స్టన్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. పేరు ఆయనదే మిగిలింది, అసలు కర్త క్రిస్టీ అని వీట్‌స్టన్ స్వయంగా చెప్పినా కూడా.

దీనితో భూమిలోని కేబుల్‌ను తవ్వకుండానే లోపం దూరం కనుక్కోవచ్చు. ముర్రే లూప్ పరీక్ష అనే పద్ధతి ఇదీ: ఒక కేబుల్‌లో రెండు తీగలున్నాయనుకుందాం. ఒకటి మధ్యలో ఎక్కడో భూమికి తగిలి పాడైంది, రెండోది మంచిది. అవతలి కొసన రెండింటినీ కలిపేస్తే ఒక ఉచ్చులా తయారవుతుంది. ఇవతలి కొసన బ్రిడ్జి పెట్టి, గాల్వనామీటర్ ముల్లు సున్నా దగ్గర ఆగేలా నిరోధాలను సర్దుతారు. కేబుల్ పొడవు 6 కిలోమీటర్లయితే ఉచ్చు మొత్తం పొడవు 12 కిలోమీటర్లు. నిరోధాల నిష్పత్తి 1కి 3గా వచ్చిందంటే, ఉచ్చులో నాలుగో వంతు దగ్గర, అంటే పాడైన తీగ వెంట 3 కిలోమీటర్ల దగ్గర లోపం ఉన్నట్టు. రోడ్డు మొత్తం తవ్వే పని ఒక్క గుంతతో తీరిపోతుంది. ఎనిమిదో తరగతి నిష్పత్తుల లెక్క ఇంతకంటే గొప్ప పనికి వచ్చిన చోటు అరుదు.

మెగ్గర్

టెలిగ్రాఫు తీగలో ప్రవహించేది స్వల్పమైన విద్యుత్తు. 1880ల నుంచి దీపాల కోసం, మోటార్ల కోసం కరెంటు తీగలు నగరాల్లోకి వచ్చాయి. ఇక ఇన్సులేషన్ చెడిపోతే సంకేతం పోవడంతో ఆగదు, ఇల్లు తగలబడుతుంది, మనిషి పోతాడు. కరెంటు ఎక్కించక ముందే ఇన్సులేషన్ బలాన్ని పరీక్షించే సాధనం కావాల్సి వచ్చింది. సిడ్నీ ఎవర్షెడ్ 1889లో అలాంటి సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. 1903లో దానికి ‘మెగ్గర్’ అన్న పేరు నమోదైంది. మెగ్ ఓమ్, అంటే పది లక్షల ఓములు, అన్న మాట నుంచి వచ్చిన పేరది. కంపెనీ పెట్టిన పేరు పరికరం పేరే అయిపోయింది. మన దగ్గర ‘మోటారును మెగ్గర్ చేశావా?’ అని క్రియగా కూడా వాడతారు.

పాత మెగ్గర్ చెక్కపెట్టెలో ఉండేది. పక్కనున్న హ్యాండిల్ తిప్పితే లోపలి చిన్న జనరేటరు 500 వోల్టులు లేదా అంతకు మించి పుట్టిస్తుంది. ముల్లును వెనక్కి లాగే స్ప్రింగు అందులో ఉండదు. ఒకదానికొకటి కోణంలో అమర్చిన రెండు తీగచుట్టల బలాల నిష్పత్తిని బట్టే ముల్లు నిలబడుతుంది. కాబట్టి తిప్పే చేయి కాస్త వేగంగా తిరిగినా, నెమ్మదించినా లెక్క పెద్దగా మారదు. ఎవరి చేతికిచ్చినా ఒకే జవాబు చెప్పే పరికరం కావాలన్న ముందుచూపు అందులో కనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే మన పొరుగున ఒక పెద్ద సాహసం జరిగింది. 1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కోలార్ బంగారు గనులకు సుమారు 147 కిలోమీటర్ల లైను వేశారు. అప్పటికి ప్రపంచంలోని పొడవైన లైన్లలో అదొకటి. కొండలు, అడవులు దాటి వచ్చే ఆ తీగల కొసన గనుల్లో దిగేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. లైను ఆగితే గనిలో యంత్రాలు ఆగుతాయి. అంత పొడవు లైనులో లోపాన్ని వెతకడమంటే స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ నడవడమే.

హైదరాబాదులో 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ కేంద్రం మొదలైంది. 1955లో ఆంధ్ర, ఒరిస్సా సరిహద్దున మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో స్తంభాలు పల్లెలకు, పొలం బావులకు చేరాయి. పరికరాల అవసరం నగరం దాటి మన గడపలోకి వచ్చింది అప్పుడే.

ఎర్రగా వెలిగే బుడ్డి

1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ గాలి నుంచి నియాన్ వాయువును వేరుచేశారు. 1910లో ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ క్లాడ్ నియాన్ దీపాలను పారిస్‌లో ప్రదర్శించాడు. వీధి బోర్డుల కోసం వచ్చిన ఆ వెలుగు, కాలక్రమంలో ఎలక్ట్రీషియన్ జేబులోని టెస్టరులోకి దిగింది.

టెస్టరు పిడిలో చిన్న నియాన్ బుడ్డి, దాని వెనక సుమారు పది లక్షల ఓముల నిరోధం, ఒక స్ప్రింగు ఉంటాయి. మొనను తీగకు తాకించి, పిడి చివరనున్న లోహాన్ని వేలితో ముట్టుకుంటే కరెంటు నిరోధం గుండా, నియాన్ గుండా, మన ఒంటి గుండా భూమికి చేరుతుంది. నిరోధం ఎక్కువ కావడంతో ఆ కరెంటు ఒక మిల్లీ ఆంపియరులో చిన్న భాగమే. మనకు తెలియదు, బుడ్డి మాత్రం వెలుగుతుంది. సుమారు 60 నుంచి 90 వోల్టుల మధ్య నియాన్ వెలగడం మొదలవుతుంది.

ఈ చవకైన పరికరం లెక్కలేనన్ని ప్రాణాలు కాపాడింది. కానీ అది చెప్పే రెండు మాటల్లో ఒకదాన్నే నమ్మాలి. వెలిగితే ‘ముట్టుకోకు’ అని అర్థం. ఆ మాటను శిరసావహించాలి. వెలగకపోతే ‘కరెంటు లేదు’ అని అర్థం కాదు. బుడ్డి మాడిపోయి ఉండవచ్చు. స్ప్రింగు తుప్పు పట్టి ఉండవచ్చు. పొడి చెక్కబల్ల మీద రబ్బరు చెప్పులతో నిలబడితే వెలుగు కనీకనిపించనంత మందగించవచ్చు. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెలిగినా కంటికి ఆనకపోవచ్చు. పైగా ఇది 230 వోల్టుల ఇంటి పని కోసం చేసినది, 11 కేవీ దగ్గరికి తీసుకెళ్ళే వస్తువు కాదు.

అందుకే పని తెలిసినవాళ్ళు మూడు మెట్ల పద్ధతి పాటిస్తారు. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట టెస్టరును పెట్టి అది పనిచేస్తోందని చూస్తారు. తర్వాత పనిచేయాల్సిన తీగను పరీక్షిస్తారు. ఆ తర్వాత మళ్ళీ మొదటి చోటికే వెళ్ళి, ఈ మధ్యలో టెస్టరు చనిపోలేదని రూఢి చేసుకుంటారు. చూడ్డానికి చాదస్తంలా ఉంటుంది. పరికరం మౌనంగా ఉన్నప్పుడు ఆ మౌనం తీగదా, పరికరానిదా అని తేల్చుకునే దారి అదొక్కటే.

లైనుకు కాపలా పెట్టిన రిలేలు

చేతి పరికరాలు మనిషి వెళ్ళి అడిగితేనే చెబుతాయి. పెద్ద లైన్లలో లోపం వస్తే సెకనులో భాగంలో స్పందించాలి. 1880లో ఎడిసన్ ఫ్యూజుకు పేటెంటు పొందాడు. లోపం వస్తే తానే కరిగి తీగను విడదీయడం దాని పని. అయితే ఫ్యూజుకు ఆలోచన లేదు, అది కరగడమే ఎరుగును.

1904లో చార్లెస్ మెర్జ్, బెర్నార్డ్ ప్రైస్ ఇంగ్లండులో ఒక తెలివైన ఏర్పాటు చేశారు. దాన్ని కిరాణా కొట్టు లెక్కలా చెప్పుకోవచ్చు. లోనికి వచ్చిన సరుకూ బయటికి పోయిన సరుకూ సమానం కాకపోతే మధ్యలో ఎక్కడో కారుతున్నట్టే. యంత్రానికి ఇరువైపులా కరెంటును కొలిచి, తేడా వస్తే వెంటనే విడదీస్తారు. 1921లో జర్మనీకి చెందిన మాక్స్ బుక్‌హోల్జ్ ట్రాన్స్‌ఫార్మరు కోసం మరోటి చేశాడు. లోపల చిన్న లోపం మొదలైతే నూనె వేడెక్కి గ్యాసు బుడగలు లేస్తాయి. అవి పైకి వచ్చే గొట్టంలో ఒక తేలే బెండును పెట్టాడు. గ్యాసు చేరగానే బెండు దిగి గంట మోగిస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు పేలక ముందే కబురు అందుతుంది. వందేళ్ళు దాటినా మన సబ్‌స్టేషన్లలోని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఈ రిలే నేటికీ ఉంది.

1920లలో దూరాన్ని కొలిచే డిస్టెన్స్ రిలేలు వచ్చాయి. సూత్రం ఓమ్ నియమమే. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే లైను అవరోధం వస్తుంది. ఉదాహరణకు లైను కిలోమీటరుకు 0.4 ఓములనుకుందాం. లోపం వచ్చిన క్షణంలో లెక్క 12 ఓములు చూపితే లోపం 30 కిలోమీటర్ల దగ్గర ఉందని అర్థం. తర్వాత అలల పద్ధతి వచ్చింది. లోపం పుట్టిన చోటి నుంచి ఒక విద్యుత్ తరంగం రెండు వైపులకూ దాదాపు కాంతి వేగంతో పరుగెడుతుంది. నూరు కిలోమీటర్ల లైనులో లోపం ఒక కొసకు 30, రెండో కొసకు 70 కిలోమీటర్ల దూరంలో ఉంటే, తరంగం రెండు కొసలకూ చేరే సమయాల తేడా సుమారు 133 మైక్రోసెకన్లు. ఆ తేడాను పట్టగలిగితే స్తంభం ఏదో దాదాపుగా చెప్పవచ్చు.

1984లో ఎడ్మండ్ ష్వైట్జర్ అమెరికాలో మైక్రోప్రాసెసరుతో నడిచే డిజిటల్ రిలేను తెచ్చాడు. 1988లో వర్జీనియా టెక్‌లో, ఐఐటీ ఖరగ్‌పూర్ పూర్వ విద్యార్థి అరుణ్ ఫడ్కే, ఆయన సహచరుడు జేమ్స్ థార్ప్ ఫేజర్ కొలత యూనిట్ నమూనాను తయారుచేశారు. దూరదూరాన ఉన్న సబ్‌స్టేషన్లలో వోల్టేజీ తీరును ఉపగ్రహ గడియారంతో ఒకే క్షణాన కొలిచి పోల్చే పరికరమది. గ్రిడ్డు నాడి పట్టి చూడటమంటే ఇదే.

లేని దొంగను చూసిన కాపలా, మూగబోయిన కాపలా

కాపలావాడు రెండు రకాలుగా దెబ్బతీయగలడు. దొంగ లేకున్నా అరవవచ్చు. దొంగ వచ్చినా నిద్రపోవచ్చు. చరిత్రలో రెండూ జరిగాయి.

1965 నవంబరు 9 సాయంత్రం కెనడాలోని నయాగరా దగ్గరి విద్యుత్ కేంద్రం నుంచి ఉత్తరానికి వెళ్ళే అయిదు లైన్లలో ఒకదాని రిలే పనిచేసి లైనును విడదీసింది. లైనులో లోపం లేదు. రిలేను అంతకు ముందెప్పుడో తక్కువ హద్దుకు సర్ది ఉంచారు, ఆ సాయంత్రం లోడు ఆ హద్దు దాటింది. మిగతా నాలుగు లైన్ల మీద భారం పడి అవీ క్షణాల్లో విడిపోయాయి. న్యూయార్క్ సహా సుమారు 3 కోట్ల మంది చీకట్లో మిగిలారు.

2012 జూలై 30 తెల్లవారుజామున మన దేశంలో బీనా, గ్వాలియర్ మధ్య 400 కేవీ లైనులోనూ ఇలాంటిదే జరిగింది. అధిక లోడును రిలే దూరపు లోపంగా భావించి లైనును విడదీసింది, ఉత్తర గ్రిడ్డు కూలింది. మర్నాడు మళ్ళీ కూలి, ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతాల్లో 60 కోట్లకు పైగా జనం ఉండే చోట్ల సరఫరా నిలిచింది. మన దక్షిణ గ్రిడ్డు అప్పటికి మిగతా దేశంతో ఏసీ లైన్ల ద్వారా కలిసి లేదు కాబట్టి తెలుగు ఊళ్ళలో దీపాలు ఆరలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ లైనుతో మనమూ ఆ గ్రిడ్డులో కలిశాం. ఇక వాళ్ళ రిలే మన రిలే వేరు కాదు.

నిద్రపోయిన కాపలా సంగతి 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో జరిగింది. మధ్యాహ్నం రెండు దాటాక కంట్రోలు రూములో అలారం మోగించే సాఫ్ట్‌వేరు ఆగిపోయింది. ఆగిందని చెప్పే అలారం మాత్రం లేదు. ఎదుగుతున్న చెట్లకు తగిలి లైన్లు ఒక్కొక్కటిగా పోతున్నా తెర ప్రశాంతంగా ఉంది. ఆపరేటర్లు అంతా బాగుందనే అనుకున్నారు. నాలుగు దాటేసరికి అమెరికా, కెనడాల్లో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. అయిదు రూపాయల నియాన్ బుడ్డి మాడిపోతే జరిగేదీ, కోట్ల ఖరీదైన కంట్రోలు రూములో జరిగిందీ ఒకటే.

మన ఊరి ఫీడరు మీద

గ్రిడ్డు సంగతి అలా ఉంచి మన ఊరికి వద్దాం. 33 కేవీ సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే 11 కేవీ ఫీడరు నాలుగు ఊళ్ళు, పొలాలు, చెరువు కట్టలు దాటుతూ కొమ్మలు కొమ్మలుగా చీలుతుంది. రాత్రి గాలివానకు ఫీడరు ట్రిప్పయితే సబ్‌స్టేషన్లోని రిలే లోపం ఉందని చెబుతుంది కానీ ఏ కొమ్మలో ఉందో చెప్పదు. లైన్‌మన్ మధ్యలో ఏబీ స్విచ్ తెరిచి, ఫీడరును రెండు ముక్కలు చేసి, ముందు సగానికి కరెంటు ఇప్పించి చూస్తాడు. నిలబడితే లోపం రెండో సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్ళీ సగం చేస్తాడు. ఇలా సగాలుగా తగ్గించుకుంటూ వెళ్ళి, చివరి ముక్కను టార్చిలైటు పట్టుకుని నడిచి వెతుకుతాడు. పగిలిన పింగాణీ ఇన్సులేటరు, తీగ మీద వాలిన తాటిమట్ట, కాలిపోయిన పాము, ఏదైనా కావచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఏళ్ళలో జర్మనీ, అమెరికాల్లో ఫాల్టు ఇండికేటర్లు వాడుకలోకి వచ్చాయి. తీగకే తగిలించే ఈ పరికరం, హద్దు మీరిన కరెంటు తన గుండా పోతే ఎర్ర గుర్తు చూపుతుంది లేదా మిణుకుమంటుంది. కొమ్మ చీలే చోట చూస్తే చాలు, ఏ దారిన పోవాలో తెలుస్తుంది. ఇప్పుడు సెల్‌ఫోనుకు కబురు పంపేవీ ఉన్నాయి. అయినా 1977 నవంబరులో దివిసీమనూ, 2014 అక్టోబరులో విశాఖనూ కుదిపిన తుఫానుల వంటివి వచ్చి స్తంభాలే పడిపోతే, మళ్ళీ నడిచి చూసే కళ్ళకు మించిన పరికరం లేదు.

నేల మీద పడ్డ తీగ

ఇన్ని పరికరాలున్నా ఒక లోపం ఇప్పటికీ చాలాసార్లు దొరక్కుండా తప్పించుకుంటుంది. అదే తెగి నేల మీద పడ్డ తీగ. తడి మడిలో పడితే కరెంటు ఎక్కువగా భూమిలోకి పారి రిలే పసిగట్టవచ్చు. వేసవిలో ఎండిన ఎర్రనేల మీదో, కంకర మీదో, తారు రోడ్డు మీదో పడితే భూమి నిరోధం ఎక్కువ కాబట్టి పారే కరెంటు నాలుగు పంపుసెట్ల లోడుకు మించకపోవచ్చు. రిలేకు అది మామూలు వాడకంలాగే కనిపిస్తుంది. ఫీడరు ట్రిప్ కాదు. తీగ ప్రాణంతో నేల మీద పడి ఉంటుంది. తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వెళ్ళే రైతులు, మేతకు తోలుకెళ్ళిన గేదెలు ఎక్కువగా బలయ్యేది ఇక్కడే. దీన్ని పట్టడానికి ప్రపంచమంతా పరిశోధనలు సాగుతున్నాయి. నూటికి నూరుపాళ్ళూ పట్టే రిలే మాత్రం రాలేదు.

ఇంటి లోపల మాత్రం ఈ సమస్యకు మంచి జవాబు దొరికింది. మెర్జ్, ప్రైస్‌ల కిరాణా లెక్కనే చిన్నది చేశారు. ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి. రాలేదంటే కొంత ఎవరి ఒంటి గుండానో భూమికి పోతోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జీల్, మనిషి ఎంత కరెంటు తగిలితే పట్టుకున్న తీగను వదల్లేకపోతాడో వలంటీర్ల మీద జాగ్రత్తగా పరీక్షించాడు. మగవాళ్ళలో సగటున అది సుమారు 16 మిల్లీ ఆంపియర్లని తేలింది. ఆ జ్ఞానంతో 1961లో ఆయన, 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే విడదీసే పరికరాన్ని రూపొందించాడు. మన ఇళ్ళలో బిగించే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అదే కుటుంబానికి చెందినది. దాని మీద ఉండే ‘టి’ బొత్తాన్ని అప్పుడప్పుడూ నొక్కి చూడాలని తయారీదారులు చెబుతారు. మన ఇంట్లో ఆఖరుసారి ఎప్పుడు నొక్కామో ఒకసారి గుర్తుచేసుకుందాం.

వెనక నుంచి వచ్చే కరెంటు

లైను మీద పనిచేసే పద్ధతి కూడా ఈ పరికరాల చరిత్రలో భాగమే. లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే ఆ ఫీడరును ఆపామని, తాను తిరిగి చెప్పేదాకా ఇవ్వబోమని రాతపూర్వక హామీ. తర్వాత ఏబీ స్విచ్ తెరుస్తాడు. డిటెక్టరుతో పరీక్షిస్తాడు. అప్పుడు కూడా నమ్మకుండా, పనిచేసే చోటికి రెండు వైపులా డిశ్చార్జి రాడ్లతో తీగలన్నిటినీ కలిపి భూమికి ఎర్తు చేస్తాడు. ఆపేశామన్నాక, పరీక్షించాక కూడా ఎర్తు ఎందుకు? ఎందుకంటే కరెంటు సబ్‌స్టేషన్ వైపు నుంచే రావాలని లేదు.

ఊళ్ళో ఎవరింట్లోనో పెళ్ళికి జనరేటరు పెట్టారనుకుందాం. లైను కరెంటును విడదీయకుండా జనరేటరు తీగను ఏదో ప్లగ్గులో గుచ్చారు. ఇంట్లో దీపాలు వెలిగాయి. అదే సమయంలో ఆ 230 వోల్టులు సర్వీసు తీగ గుండా వెనక్కి నడిచి ట్రాన్స్‌ఫార్మరు చేరతాయి. 11 కేవీని 230 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు, వెనక నుంచి వచ్చిన 230 వోల్టులను 11 కేవీ దాకా పెంచి తీగల మీదికి పంపగలదు. కిలోమీటరు అవతల స్తంభం మీద ఉన్న మనిషికి ఆ పెళ్ళి సంగతే తెలియదు. అతను డిటెక్టరు పెట్టి చూసిన క్షణంలో జనరేటరు ఆడుతూ ఉండకపోవచ్చు, అయిదు నిమిషాల తర్వాత ఎవరో స్టార్టు చేయవచ్చు. ఎర్తు రాడ్డు ఒక్కటే ఆ అయిదో నిమిషం నుంచి అతన్ని కాపాడుతుంది. గిల్బర్ట్ సూది మొదలు ఉపగ్రహ గడియారం దాకా ఏ పరికరమైనా ఇప్పటి సంగతే చెబుతుంది. రాబోయే నిమిషం సంగతి మనుషుల మీద ఆధారపడి ఉంటుంది.

స్వర్ణోత్సవాల రోజున మన బడి మైదానంలోనూ షామియానాలు లేస్తాయి, మైకులు, సీరియల్ లైట్లు వస్తాయి, జనరేటరూ వస్తుంది. ఏర్పాట్ల కమిటీలోని మిత్రులకు ఒక్కటే విన్నపం. ఎలక్ట్రీషియన్‌ను అడిగి చేంజోవర్ స్విచ్ పెట్టించండి. లైను కరెంటూ జనరేటరు కరెంటూ ఒకేసారి కలిసే వీలు లేకుండా చేసే సాదా స్విచ్ అది. వీలైతే ఆ రోజు ఉపాధ్యాయులు పదో తరగతి పిల్లలను దాని దగ్గరికి తీసుకెళ్ళి, అది ఎందుకు ఉందో చూపిస్తే బాగుంటుంది. ఆ సాయంత్రం మన వీధి స్తంభం మీద ఎవరైనా ఉంటే, మన సంబరం వాళ్ళ తీగలోకి పోకుండా చూసేది ఆ స్విచ్చే.